ఎఫ్‌ఎంబీ నుంచి కంప్యూటర్‌కు: అంచనాలో పడని ఖర్చు

అనంతపురం జిల్లా విడపనకల్లు మండలంలో ఏ పొలం హద్దు తేలాలన్నా మూడు కాగితాలు ఒక్క మాట మీద నిలబడాలి. ఊరంతటినీ చూపే గ్రామ పటం ఒకటి. సర్వే నంబరుకో పేజీ చొప్పున కొలతలు రాసిపెట్టిన ఎఫ్‌ఎంబీ, అంటే క్షేత్ర కొలతల పుస్తకం, రెండోది. ఏ నంబరులో ఎంత విస్తీర్ణం ఉందో, అది ఎవరి పేర ఉందో చెప్పే ఆర్‌ఎస్‌ఆర్, అడంగల్, 1-బి రిజిస్టర్లది మూడో మాట. వీటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఎంతవుతుందని అడిగితే జవాబు సులువనిపిస్తుంది. షీట్లు లెక్కపెట్టి, షీటుకు ఇంత అని గుణిస్తే సరిపోవాలి కదా! అంచనాలు దారి తప్పేది సరిగ్గా ఆ గుణకారం దగ్గరే. షీటును ఎక్కించే ఖర్చు తక్కువ. మూడు కాగితాలూ మూడు మాటలు చెప్పిన చోట అసలు ఖర్చు మొదలవుతుంది.

ఈ నేలను కొలిచిన చరిత్ర పాతది. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన దత్త మండలాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. 1802లో మొదలుపెట్టి పొలం పొలం కొలిపించాడు. ఆ కొలతకు వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. 33 అడుగుల చదరం ఒక గుంట, అలాంటివి 40 అయితే ఒక ఎకరం. 1858 తర్వాత మద్రాసు రెవెన్యూ సర్వే శాఖ శాస్త్రీయ పద్ధతిలో మళ్లీ కొలతలకు దిగింది. ఇప్పటికీ హద్దు తగాదాలకు ఆధారం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టమే. ఈ మధ్యలో పాలన గీతలు పదే పదే మారాయి. 1882లో బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడింది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో జిల్లా రెండుగా చీలింది. గీత మారినప్పుడల్లా కొన్ని కట్టలు ఒక బీరువాలోంచి మరో బీరువాలోకి మారాయి. కాబట్టి అంచనా వేసేవాళ్లు మొట్టమొదట అడగాల్సింది షీటు ధర కాదు. అసలు ఎన్ని షీట్లు దొరుకుతున్నాయి, వాటిలో చదవగలిగేవి ఎన్ని, మండల కార్యాలయంలోని ప్రతికీ జిల్లా సర్వే కార్యాలయంలోని ప్రతికీ తేడా ఉంటే దేన్ని నమ్మాలి అన్నవి ముందు తేలాలి.

ఎఫ్‌ఎంబీ పేజీని ఒకసారి దగ్గరగా చూస్తే ఈ పని స్వభావం తెలుస్తుంది. పొలంలో ఒక మూల రాయి నుంచి మరో మూల రాయికి అడ్డంగా ఒక ఆధార గీత ఉంటుంది. సర్వేయర్లు దాన్ని జీ లైను అంటారు. ఆ గీత మీద ఇంత దూరం నడిచాక కుడికి ఇన్ని లింకులు, మరికొంత నడిచాక ఎడమకు ఇన్ని లింకులు అని మలుపు మలుపుకూ అంకెలు రాసి ఉంటాయి. ఇక్కడ వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు, మన్రో గొలుసుకు రెట్టింపు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. ఇప్పుడు 600 లింకుల జీ లైను మీద 435 లింకుల ఆఫ్‌సెట్ ఉన్న ముక్కోణం చెక్కను తీసుకుందాం. దాని విస్తీర్ణం ఎకరా ముప్పై సెంట్ల పైచిలుకు. సిరా వెలిసిపోయి ఆ 435లోని 3 కాస్తా 8లా కనిపించింది, ఆపరేటర్ 485 అని కొట్టాడు. విస్తీర్ణం ఎకరా నలభై ఐదు సెంట్లు దాటిపోతుంది. ఒక్క అంకెకు 15 సెంట్లు! అవి గాలిలోంచి పుట్టవు, తెర మీద పక్క రైతు చేలోంచి వస్తాయి. కంప్యూటర్‌లో గీత చక్కగా కలిసిపోయి కనిపించవచ్చు. చేను ఉన్నవాళ్లకు మాత్రం తేడా తెలిసిపోతుంది.

అందుకే నిపుణులు ఈ పనిని రెండు దారులుగా విడదీస్తారు. ఒకటి, పటాన్ని స్కాన్ చేసి గీతల వెంబడి మౌస్‌తో మళ్లీ గీయడం. రెండోది, బొమ్మను పక్కనపెట్టి ఎఫ్‌ఎంబీలోని అంకెలను నేరుగా ఎక్కించి, వాటి నుంచి బొమ్మను పుట్టించడం. మొదటి దారి చవక, త్వరగా అవుతుంది. మన గ్రామ పటాల పాత స్కేలు మైలుకు 16 అంగుళాలు, అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు నాలుగు మీటర్లు. అర మిల్లీమీటరు మందం ఉన్న కలం గీత నేల మీద రెండు మీటర్ల వెడల్పును మింగేస్తుంది. అంగుళానికి 400 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ఒక్కో చుక్క నేల మీద పాతిక సెంటీమీటర్లకు సమానం. అంటే యంత్రం చూపు కాగితం కన్నా ఎంతో పదును. అయినా కాగితంలో లేని స్పష్టతను ఎంత ఖరీదైన స్కానరూ తెచ్చిపెట్టలేదు. పైగా పాత కాగితం సాగుతుంది, కుంచించుకుపోతుంది. 60 సెంటీమీటర్ల షీటు ఒక్క శాతం కుంచించుకుంటే ఆరు మిల్లీమీటర్లు. నేల మీద అది దాదాపు 24 మీటర్లు.

రెండో దారికి కాగితం సాగడం, కుంచించుకోవడం అడ్డురాదు. అంకె అంకెగానే ఉంటుంది కదా. తమిళనాడు ఎఫ్‌ఎంబీల కోసం జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన కొలాబ్‌ల్యాండ్ సాఫ్ట్‌వేర్ నడిచేది ఈ దారిలోనే. ఇందులో అంకె తప్పు పడితే బహుభుజి మూసుకోదు, లేదా విస్తీర్ణం రిజిస్టరుతో కలవదు. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. పని నిదానం, చదవగలిగిన మనిషి కావాలి, ఖర్చు ఎక్కువ. అయినా రాయలసీమ లాంటి చోట ఎఫ్‌ఎంబీ దొరికిన ప్రతి ఊళ్లోనూ ఎన్నుకోవాల్సింది ఈ దారే. గ్రామ పటాన్ని ట్రేస్ చేసి ఆదా చేసిన డబ్బు హద్దు తగాదా వచ్చిన మొదటి రోజే ఖర్చయిపోతుంది.

ఇక డబ్బు లెక్క. ఊహకు 300 సర్వే నంబర్లున్న ఒక ఊరిని తీసుకుందాం. ఆపరేటర్ రోజుకు 20 పేజీలు ఎక్కిస్తే 15 రోజుల పని. మరొకరు సరిచూడటానికి ఇంకో వారం పది రోజులు. టెండరులో కనిపించే ఖర్చు ఇంతవరకే. ఇప్పుడు నూటికి పది నంబర్లలో రిజిస్టరుకూ పేజీకీ పొత్తు కుదరలేదనుకుందాం. 30 నంబర్లు. ఒక్కోదానికి నోటీసు ఇవ్వాలి, పక్క రైతులను పిలవాలి, సర్వేయరు చేనికి వెళ్లి కొలవాలి, సంతకాలు పెట్టించాలి. నంబరుకు ఒక్క రోజే అనుకున్నా 30 రోజులు. పదో వంతు పేజీలు మిగతా మొత్తం పనిని మించిన కాలాన్ని తినేశాయి! 2019లో గ్రామ సచివాలయాలకు తీసుకున్న సర్వేయర్లకు తొలి రెండేళ్లు ఇచ్చింది నెలకు 15,000 రూపాయలు. నెలకు 25 పనిదినాల చొప్పున రోజుకు 600, ముప్పై రోజులకు 18,000. ఆ జీతం ఎలాగూ ఇస్తున్నాం కాబట్టి ప్రాజెక్టు ఖర్చులో చూపరు. నంబరుకు ఆరుగురు రైతులు ఒక పూట కాదు, ఒక రోజు పని మానుకుని వచ్చారనుకుంటే 180 పనిదినాలు పోయినట్టే. దాన్ని ఏ ఖర్చులోనూ చూపరు.

ఈ పదో వంతు అనే అంకె ఊరిని బట్టి మారుతుంది. కాగితం పరిస్థితి, నేల స్వభావం, ఊరి చరిత్ర కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. అందువల్ల ఒక జిల్లాకంతా ఒకే రేటు కట్టడం పొరపాటు.

విడపనకల్లు మండలాన్నే చూడండి. అనంతపురం అనగానే ఎర్రనేల, వేరుశనగ గుర్తొస్తాయి. ఈ వైపు మాత్రం నల్లరేగడి ఎక్కువ. పప్పుశనగ, మిరప, పత్తి పండుతాయి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల. అందులో పాతిన సర్వే రాయి ఏళ్లు గడిచేకొద్దీ వాలుతుంది, కూరుకుపోతుంది, దున్నేటప్పుడు నాగలికో ట్రాక్టరుకో తగిలి పక్కకు పోతుంది. ఎఫ్‌ఎంబీలో చెప్పిన మూల రాయి నేల మీద దొరక్కపోతే జీ లైను ఎక్కడి నుంచి పట్టాలి? రెండు మూడు నంబర్ల అవతల మిగిలిన రాయిని వెతికి, అక్కడి నుంచి కొలుచుకుంటూ రావాలి. పైరు నిలబడి ఉన్నప్పుడు ఈ పని సాగదు. నల్లరేగడిలో వాన పడితే కాలే దిగబడుతుంది. కోతలయ్యాక వేసవి నెలల్లోనే కొలతలు కుదురుతాయి. ఏడాది పొడవునా పని నడుస్తుందని వేసిన అంచనా ఇక్కడ మొదటి ఏడాదే వెనకబడుతుంది.

నీళ్లూ రోడ్లూ తెచ్చిన మార్పులు మరో పెద్ద పద్దు. తుంగభద్ర ఎగువ కాలువ, దాని గుంతకల్లు బ్రాంచి కాలువ పాత సర్వే తర్వాత వచ్చినవి. బళ్లారి, గుంతకల్లులను కలిపే జాతీయ రహదారి వెడల్పయింది. ఉరవకొండ చుట్టుపక్కల గాలిమరలు లేచాయి. భూమి తీసుకున్న ప్రతిసారీ ఒక సర్వే నంబరు రెండు మూడు సబ్‌డివిజన్లు కావాలి. వాటి స్కెచ్ ఎఫ్‌ఎంబీలోకి ఎక్కాలి, విస్తీర్ణం రిజిస్టరులో తగ్గాలి. ఈ మూడూ ఒకేసారి జరగని చోట రైతు పేర కాలువ గర్భంలోని భూమి కూడా మిగిలి ఉంటుంది. దానికి తోడు కుటుంబాల్లో నోటిమాట మీద జరిగిన పంపకాలు, తెల్లకాగితం మీద అమ్మకాలు, ప్రభుత్వ భూమికి ఇచ్చిన డీకేటీ పట్టాలు. నేల మీద నాలుగు గట్లుంటాయి, కాగితం మీద ఒకే గీత ఉంటుంది. ఆ గీతను ఎంత శ్రద్ధగా ఎక్కించినా అది నలభై ఏళ్ల కిందటి చేనే.

సరిహద్దు ఊళ్లది ఇంకో చిక్కు. మండలం పడమటి అంచు దాటితే బళ్లారి జిల్లా. రెండు రాష్ట్రాల గ్రామ పటాలను తెర మీద పక్కపక్కన పెడితే అంచులు అతకాలి. మధ్యలో సందు వచ్చినా, ఒకదాని మీద ఒకటి ఎక్కినా మండల స్థాయిలో తీర్చడం కుదరదు. ఇదే జిల్లా పడమటి కొసన ఓబుళాపురం గనుల దగ్గర రాష్ట్ర సరిహద్దు ఎక్కడన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సర్వే ఆఫ్ ఇండియా దిగి గుర్తించాల్సి వచ్చింది. పటం అంచు తేలకపోతే ఎంత ఖర్చవుతుందో అంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఆ సరిహద్దు అవతలే పాఠం కూడా ఉంది. కర్ణాటక భూమి ప్రాజెక్టు దాదాపు 67 లక్షల మంది రైతులకు చెందిన రెండు కోట్ల పహాణీ రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, 15 రూపాయలకు నకలు చేతికిచ్చి దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఆ విజయం నిజమైనదే. అయితే అక్కడ మొదట ఎక్కింది అక్షరాలు, అంకెలు. పటాలు తర్వాతి వంతుకు మిగిలాయి. రాతను ఎక్కించడం, గీతను ఎక్కించడం వేర్వేరు పనులని, రెండోదాని ఖర్చు మొదటిదాన్ని చూసి ఊహించకూడదని ఆ ప్రాజెక్టు చూపించింది.

కేంద్రం ఈ దారిలో దాదాపు నాలుగు దశాబ్దాలుగా నడుస్తోంది. 1988-89లో భూ రికార్డుల కంప్యూటరీకరణ, 2008లో జాతీయ భూ రికార్డుల ఆధునికీకరణ కార్యక్రమం, 2016 ఏప్రిల్ నుంచి పూర్తి కేంద్ర నిధులతో డిజిటల్ ఇండియా పేరు తగిలించుకున్న అదే కార్యక్రమం. 2021-22 నుంచి 2025-26 వరకు దీనికి 875 కోట్లు కేటాయించారు. పొలానికి 14 అంకెల భూ ఆధార్ సంఖ్య ఇవ్వడానికి రికార్డుకు మూడు రూపాయలవుతుందని అప్పట్లో అధికారులు లెక్క చెప్పారు. సంఖ్య ఇవ్వడానికి మూడు రూపాయలు చాలు, సందేహం లేదు. ఆ సంఖ్య ఏ హద్దుల మధ్య నేలకు చెందుతుందో తేల్చే ఖర్చు అందులో లేదు.

బయటి దేశాలకూ ఈ అనుభవం కొత్త కాదు. 1960లలో కెనడా తన భూవనరుల పటాలను విశ్లేషించాలనుకుంది. చేత్తో చేస్తే 500 మందికి పైగా నిపుణులు మూడేళ్లు పనిచేయాలని, 80 లక్షల డాలర్ల దాకా అవుతుందని అంచనా వచ్చింది. అంతమంది నిపుణులు ఆ దేశంలో దొరకరు. రోజర్ టామ్లిన్సన్ కంప్యూటర్ వైపు తిరగడానికి ఆ అంచనాయే కారణం. భౌగోళిక సమాచార వ్యవస్థ అనే రంగమే అలా పుట్టింది. పటాలను లోపలికి తీసుకోవడానికి ఐబీఎం 48 అంగుళాల డ్రమ్ స్కానరును ప్రత్యేకంగా తయారుచేయాల్సి వచ్చింది. బ్రిటన్‌లో ఆర్డ్నెన్స్ సర్వే 1970లలో మొదలుపెట్టి సుమారు 2,30,000 పటాలను ఎక్కించడం 1995లో ముగించింది. రెండు దశాబ్దాలు దాటింది. అప్పటికే క్రమం తప్పకుండా సవరిస్తూ వచ్చిన పటాలున్న దేశంలో పట్టిన కాలం అది.

ఆంధ్రప్రదేశ్ పాత పటాన్ని ఎక్కించడం కన్నా నేలను మళ్లీ కొలవడమే మేలనుకుంది. 2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో రీసర్వే మొదలైంది. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలను సరిచేసే కార్స్ స్టేషన్లు, కొద్ది సెంటీమీటర్ల తేడాతో కొలిచే రోవర్లు దిగాయి. 17,460 గ్రామాలు, సుమారు 1.22 లక్షల చదరపు కిలోమీటర్లు, దాదాపు వెయ్యి కోట్లు అన్నది నాటి అంచనా. భాగిస్తే గ్రామానికి అయిదున్నర లక్షల పైన, ఎకరాకు 330 రూపాయల చిల్లర. ఎకరాకు ఆ ఖర్చు ఎక్కువేమీ కాదు. గడువు మాత్రం నిలవలేదు. 2023 జనవరి కల్లా అన్ని గ్రామాలూ పూర్తవుతాయనుకుంటే, 2024 జూన్ నాటికి అయినవి 6,600 పైచిలుకు. ఒక్క సర్వే రాళ్లకే వందల కోట్లయ్యాయని 2024లో కొత్త ప్రభుత్వం చెప్పింది. పూర్తయిన ఊళ్లలో గ్రామసభలు పెట్టి ఫిర్యాదులు తీసుకోవాల్సి వచ్చింది. విస్తీర్ణం తగ్గిందని, పాత సర్వే నంబరు పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చిందని, ఇద్దరు ముగ్గురిని కలిపి జాయింట్ ఎల్పీఎం ఇచ్చారని వచ్చిన దరఖాస్తులే ఎక్కువ. 2025 జనవరిలో పని మళ్లీ మొదలైంది, ఈసారి మండలానికి ఒక గ్రామం చొప్పున.

రీసర్వే తప్పుడు ఆలోచన కాదు. రాళ్లు పోయి, గట్లు మారి, కాగితం శిథిలమైన చోట అదొక్కటే దారి. తెలంగాణలో అసలు నక్షాలే లేని 413 గ్రామాలున్నాయని ప్రభుత్వమే చెప్పింది. అక్కడ కాగితాన్ని మార్చే ప్రశ్నే రాదు, కొలవాల్సిందే. కానీ రోవరు చెప్పేది గట్టు ఎక్కడుందన్నదే. ఆ గట్టు సరైన చోట ఉందా అన్న ప్రశ్నకు జవాబు మళ్లీ ఎఫ్‌ఎంబీలోనే వెతకాలి. కొలత యంత్రం కొన్న ఊళ్లోనూ పాత పేజీని చదివి, రైతుల మధ్య కూర్చుని, పొత్తు కుదిర్చే మనిషి ఖర్చు తప్పదు. అంచనాలో ఆ మనిషికి రోజులు కేటాయించకపోతే పని ఆగదు, హడావుడిగా ముగుస్తుంది. ముగిశాక ఆ భారమంతా రైతు మీద పడుతుంది. హద్దులు చూపమని పెట్టే ఎఫ్-లైన్ దరఖాస్తు, మండల కార్యాలయానికి తిరుగుళ్లు, బస్సు చార్జీలు, పోయిన కూలి, పంట రుణం దగ్గర ఆగిన 1-బి. పంటను నమోదు చేసే ఈ-క్రాప్‌లో విస్తీర్ణం తప్పు పడితే కరువు ఏడాది పెట్టుబడి రాయితీ, పంటల బీమా సైతం తప్పుగా వస్తాయి. వరసగా వానలు మొహం చాటేసే ఈ పీఠభూమిలో ఆ డబ్బే మరుసటి ఏడాది విత్తనం. ప్రభుత్వం ఆదా చేశాననుకున్న సొమ్మును అత్యంత బలహీనుడి చేత కట్టించడం న్యాయం కాదు.

అలాంటప్పుడు విడపనకల్లు లాంటి మండలానికి నిఖార్సైన అంచనా ఎలా వేయాలి? మొత్తం షీట్లను గుణించే ముందు నమూనాగా కొన్ని ఊళ్లు ఎంచుకోవాలి. కర్ణాటకను ఆనుకున్న ఊరు ఒకటి, కాలువ పారే ఊరు ఒకటి, హైవే చీల్చిన ఊరు ఒకటి, ఏదీ రాని మెట్ట ఊరు ఒకటి. ఆ నాలుగు ఊళ్లలో పని మొదటి నుంచి చివరిదాకా చేసి చూడాలి. షీటు వెతకడం, అంకెలు ఎక్కించడం, రిజిస్టరుతో పోల్చడం, చేనికి వెళ్లడం, రైతు సంతకం దాకా. ఎన్ని నంబర్లు కలవలేదో, ఒక్కోదానికి ఎన్ని రోజులు పట్టిందో రాసుకోవాలి. మిగతా ఊళ్లను ఈ నాలుగింటిలో దేనికి దగ్గరో చూసి లెక్క కట్టాలి. అప్పుడు వచ్చే మొత్తం మొదటి అంచనా కన్నా పెద్దదిగా ఉంటుంది, ఆర్థిక శాఖకు నచ్చకపోవచ్చు. అయినా మధ్యలో పెరగని అంకె అదే.

ఆ అంచనాలో చివరి వరుస సవరణ ఖర్చుది. పటం కంప్యూటర్‌లోకి ఎక్కిన మర్నాడే ఎవరో ఒకరు రెండెకరాలు అమ్ముతారు, అన్నదమ్ములు పంచుకుంటారు. బొమ్మ అప్పుడే పాతబడుతుంది. కర్ణాటకలో సర్వే నంబరులో కొంత భాగం అమ్మాలంటే రిజిస్ట్రేషన్‌కు ముందే 11-ఇ స్కెచ్ ఉండాలన్న నిబంధన తెచ్చారు. లైసెన్సు పొందిన సర్వేయరు కొలిచి గీస్తాడు, దరఖాస్తుదారు రుసుము కడతాడు, ఆ స్కెచ్ ప్రకారమే దస్తావేజు, మ్యుటేషన్ నడుస్తాయి. విడపనకల్లు నుంచి బళ్లారి వెళ్లి చూడగలిగినంత దగ్గరలో ఉన్న పద్ధతి ఇది. మన వైపు అలాంటిది పెడితే ఏటా మండలంలో ఎన్ని భాగాల అమ్మకాలు జరుగుతున్నాయో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం లెక్క ఇవ్వగలదు. దాన్ని సర్వేయరు రోజుల్లోకి మార్చి, పేద రైతుల పంపకాలకు రుసుము మినహాయించి, పదేళ్లకు సరిపడా ఖర్చును మొదటి అంచనాలోనే రాయాలి.